ఎసరు లెక్క

వంట కోసం పొయ్యి మీద మరిగించే నీటిని తెలుగువారు నీళ్ళు అనరు, ఎసరు అంటారు. గింజ ఉడికాక మిగిలిన ఎసరును గిన్నె వంచి తీసేస్తే అది వార్చడం. మిగలకుండా ముందే కొలిచి పోసి, ఆ నీరంతా గింజలోకే ఇంకేటట్లు మగ్గబెడితే అది అత్తెసరు. ఒకే గిన్నెలో పప్పుగింజలు, కూరముక్కలు, పాస్తా కలిపి చిక్కగా కాచే సూప్ ఇటలీ వంటే అయినా, దానిని అర్థం చేసుకోవడానికి ఈ మూడు మాటలు చాలు. ఎందుకంటే అందులోని పనితనమంతా ఎసరు ఎంత పోయాలి, ఏది ముందు వేయాలి, ఏది వెనుక వేయాలి అన్న లెక్కలోనే ఉంది.

ఈ వారం ఆ లెక్క ప్రస్తావనకు రావడానికి కారణం పొన్నూరు బజారులో దొరికిన ఒక పాస్తా పొట్లం వెనుక అచ్చయిన సూచన. నూరు గ్రాముల పాస్తాకు ఒక లీటరు నీళ్ళు, పది గ్రాముల ఉప్పు చొప్పున మరిగించి, ఉడికాక ఆ నీటిని పారబోయమని అందులో ఉంది. ఇటలీలో చాలాకాలంగా పాటిస్తున్న కొలతే అది, తయారీదారు కల్పించినది కాదు. అయినా నాలుగు వందల గ్రాముల పొట్లానికి ఆ సూచనను అన్వయిస్తే నాలుగు లీటర్ల మంచినీళ్ళు, నలభై గ్రాముల ఉప్పు, వాటిలో కరిగిన పిండి కలిసి తూములోకి పోతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువులో నింపుకున్న నీటితో నెలల తరబడి నెట్టుకొచ్చే కృష్ణా పశ్చిమ డెల్టా ఊళ్ళలో ఈ సూచనను చదివిన మనిషికి చివుక్కుమనడం సహజం. గంజి పారబోయడం పట్ల ఈ శీర్షికకు ఉన్న పట్టింపు పాత పాఠకులకు తెలిసినదే. అన్నం సంగతిలో పలుమార్లు చెప్పిన మాటను పాస్తా సంగతిలో మళ్ళీ చెప్పవలసి వస్తున్నది.

ఆ పట్టింపు వెనుక పొదుపు ఒక్కటే లేదు. మర పట్టిన పచ్చిబియ్యాన్ని పలుమార్లు కడిగి, వండి, గంజి వార్చి తినే అలవాటు ఉన్న సర్కారు జిల్లాలలో గత శతాబ్ది తొలి సగంలో బెరిబెరి అనే జబ్బు స్థిరంగా ఉండేది. కాళ్ళు మొద్దుబారి, నీరు పట్టి, చివరకు గుండెను దెబ్బతీసే ఆ జబ్బుకు మూలం బి-1 విటమిన్, అంటే థయమిన్, లోపించడం. థయమిన్ నీటిలో కరిగే పదార్థం కనుక తవుడుతో కొంత, కడుగునీటితో కొంత, గంజితో మరికొంత పోయేది. ఈ జబ్బును పరిశీలించడానికే 1918లో వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ సంస్థ ఆవరణలో, ఒక్క గదితో పరిశోధన ప్రారంభించాడు. ఆ గదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తెలుగునాట పోషకాహార శాస్త్రానికి ఆది ఒక విధంగా వార్చిన గంజిలోనే ఉన్నదన్నమాట. ఆ గంజినే ఉప్పు వేసి తాగిన ఇళ్ళున్నాయి, పులియబెట్టి తరవాణిగా వాడుకున్న ఇళ్ళున్నాయి, నూలు చీరలకు పెట్టిన ఇళ్ళున్నాయి. మగ్గానికి ఎక్కబోయే పడుగు నూలుకు గంజి పట్టించనిదే నేత సాగదు. పనికిరానిదిగా దానిని ఎంచినవారు పూర్వం తక్కువ.

పాస్తా నీళ్ళు కూడా గంజే. గోధుమ రవ్వ నుంచి వదిలిన పిండి అందులో ఉంటుంది, సూప్‌కు చిక్కదనం ఇవ్వవలసినదీ ఆ పిండే. దానిని పారబోసి, తరువాత చిక్కదనం కోసం మొక్కజొన్న పిండి కలపడం రెండు విధాల నష్టం. ఒక్క గిన్నె పద్ధతిలో ఈ నష్టం ఉండదు. పాస్తా ఏ రసంలో తినాలో ఆ రసంలోనే ఉడుకుతుంది, వదిలిన పిండి ఆ రసంలోనే నిలుస్తుంది.

ఈ పద్ధతి పొన్నూరు ఇళ్ళకు కొత్తది కాదనడానికి వినాయక చవితి నాటి పాలతాలికలే నిదర్శనం. తాలిక అంటే పిండితో చేసిన సన్నని పొడుగాటి వత్తి. పాలలో ఉడికించిన తాలికలు పాలతాలికలు. తియ్యగా ఉంటాయి కాబట్టి వాటిని పాయసాల జాబితాలో చేర్చి వదిలేయడం వాడుక అయింది కానీ, పని చేసే తీరును బట్టి చూస్తే అవి తెలుగువారి పాస్తా, అదీ ఒక్క గిన్నెలో వండే పాస్తా. బియ్యం నానబోసి, నీరు ఒడిసి, తడి ఆరీ ఆరకముందే దంచి జల్లించిన పిండితో పని మొదలవుతుంది. చిన్న గిన్నెలో నీళ్ళు మరిగించి, చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం, చెంచాడు నెయ్యి వేసి, ఆ మరుగులో పిండి పోసి కలిపి మూతపెట్టి దించుతారు. ఈ మెట్టును తప్పించుకోవడానికి వీలు లేదు. గోధుమలో గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తి ఉన్నది కాబట్టి గోధుమ పిండి చన్నీళ్ళతో కలిపినా ముద్ద కట్టి తీగగా సాగుతుంది. బియ్యంలో అది లేదు, కాబట్టి పిండిని ముందే వేడినీటితో ఉక్కబెట్టి, అందులోని పిండిపదార్థాన్నే జిగురుగా మార్చుకోవాలి. ఈ శాస్త్రం ఏ పుస్తకంలోనూ చదవని చేతులు దానిని తరాలుగా ఆచరించాయి.

పిండి గోరువెచ్చగా ఉండగానే నేతి చేత్తో మర్దించి, ఉసిరికాయంత ముద్దలు గిల్లి, పీట మీద అరచేతితో ముందుకీ వెనక్కీ నడిపితే తాలిక సాగుతుంది. ఒత్తిడి ఎక్కువైతే తెగుతుంది, చాలకపోతే మధ్యలో లావుగా మిగిలి లోపల పిండి పచ్చిగా ఉండిపోతుంది. పిల్లలు చేసినవి వంకరగా, పెద్దలు చేసినవి సమంగా పళ్ళెంలో పక్కపక్కన చేరతాయి. జంతికల గొట్టంతో వత్తే ఇళ్ళలో అన్నీ ఒకే లావున వస్తాయి కానీ చేతి తాలికకు ఉండే గరుకు వాటికి రాదు. ఆ గరుకుదనం చిన్న విషయం కాదు. ఇటలీలో నునుపైన అచ్చుల కంటే కంచు అచ్చులలో వత్తిన పాస్తాకు విలువ ఎక్కువ కావడానికి కారణం, గరుకు పైభాగానికి రసం పట్టుకోవడమే.

ఇక గిన్నెలో నీళ్ళు కలిపిన పాలు, సగ్గుబియ్యం మరుగుతూ ఉంటాయి. తాలికలన్నీ ఒక్కసారి కుమ్మరించరాదు, పిడికెడు వేసి ఆగాలి; అవి గట్టిపడి పైకి తేలిన తరువాతే తరువాతి పిడికెడు. ఆ లోపల గరిటె పెడితే తాలికలు చిట్లి గిన్నె అంతా జావ అవుతుంది, కనుక అవసరమైతే గరిటె కాడతో మాత్రం మెల్లగా అడుగు కదపాలి. తాలికల మీది పొడిపిండి పాలలోకి దిగి చిక్కదనం ఇస్తుంది, చాలకపోతే చెంచాడు బియ్యప్పిండి చల్లని పాలలో కలిపి పోస్తారు. బెల్లం మాత్రం పొయ్యి మీద ఉండగా పడకూడదు. విడిగా కరగబెట్టి, వడగట్టి, చల్లార్చి, గిన్నె దించిన తరువాత కలపాలి, లేకుంటే పాలు విరుగుతాయి. ముందుగా ఎసరు, తరువాత గింజ లేదా పిండి, చివర రుచిని తేల్చేది అన్న ఈ వరుసలో పాస్తా సూప్ పాఠం మొత్తం ఉన్నది.

ఇటలీలో ఆ పాఠానికి ప్రసిద్ధమైన రూపం పాస్తా ఎ ఫాజోలి, అంటే పాస్తా, చిక్కుడు గింజలు. ఇప్పుడు అక్కడ వాడే చిక్కుడు గింజ అమెరికా ఖండం నుంచి వెళ్ళినది, టమాటా కూడా అక్కడిదే. అయితే ప్రాచీన రోమనులు ఫాసియోలస్ అని పిలిచిన గింజ, ఆఫ్రికాలో పుట్టి ఇటు మన దేశానికీ అటు మధ్యధరా తీరానికీ వ్యాపించిన బొబ్బర్లే అని పంటల చరిత్ర రాసినవారు చెబుతారు. 1580లలో ఇటలీ చిత్రకారుడు అన్నీబాలే కర్రాచ్చీ గీసిన ప్రసిద్ధ చిత్రంలో ఒక శ్రామికుడు తింటున్న గిన్నెలోనూ నల్లకన్ను గింజలే కనబడతాయి. కొన్ని ప్రాంతాలలో అలసందలు అని పిలిచే బొబ్బర్లతో ఈ సూప్ కాస్తే రాజీపడినట్లు భావించనక్కరలేదు. అదే పాత పద్ధతి.

పాస్తా ఎంపికలో మాత్రం జాగ్రత్త కావాలి. ఇటలీ 1967 నాటి చట్టంతో ఎండు పాస్తాను డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వతోనే చేయాలని నిర్దేశించింది. మన కొట్లలో దొరికే బన్సీ రవ్వ ఆ జాతి గోధుమదే. మైదాతో చేసిన విడి మెకరోనీ ఒక్క గిన్నె పద్ధతికి ఆగదు, పది నిమిషాలలో అంచులు కరిగి గిన్నెలో కలిసిపోతుంది. సూప్‌కు చిన్న గొట్టాలు తగినవి. దితాలీని అనే రకానికి ఆ పేరు దర్జీలు వేలికి తొడిగే అంగుష్ఠాన్ ఆకారాన్ని బట్టి వచ్చింది.

నలుగురికి నూటయాభై గ్రాముల బొబ్బర్లు రాత్రి నానబెట్టి, ఉదయం పులుపు తగలకుండా మెత్తగా ఉడికించుకోవాలి. టమాటా గానీ చింతపండు గానీ ముందే పడితే గింజ పొర మెత్తబడదు. పప్పుచారులో పప్పు ఉడికిన తరువాతే పులుసు పోసే ఆచారానికి కారణం ఇదే. ఒక గరిటెడు గింజలను పప్పుగుత్తితో మెదిపి మళ్ళీ కలిపితే రసం చిక్కబడుతుంది. ఉల్లి, క్యారెట్, కొత్తిమీర కాడలు సన్నగా తరిగి, రెండు ఎండుమిరపకాయలతో నూనెలో నెమ్మదిగా మగ్గబెట్టడాన్ని ఇటలీవారు సోఫ్రిత్తో అంటారు. వారు వాడే సెలెరీ, మన కొత్తిమీర ఒకే కుటుంబపు మొక్కలు. టమాటా ముక్కలు అందులో మగ్గిన తరువాత గింజలు, వాటి నీరు, మొత్తం లీటరుంపావు ఎసరు అయ్యేటట్లు కొలిచి పోసి, తెర్లిన తరువాత నూటయాభై గ్రాముల పాస్తా వేయాలి. తొలి రెండు నిమిషాలు కలుపుతూనే ఉండాలి, పైపిండి జిగటగా ఉండి ముక్కలు అంటుకునేది అప్పుడే. కొరికి చూస్తే నడుమ తెల్లని చుక్క ఇంకా మిగిలి ఉండగానే గుప్పెడు మునగాకు చల్లి, పొయ్యి కట్టేసి, మూత పెట్టి అయిదు నిమిషాలు వదిలేస్తే మిగతా పని ఆ వేడే చేస్తుంది. కుక్కరులో పాస్తా వేయడాన్ని ఈ శీర్షిక ఎన్నటికీ సమర్థించదు. మూత తీసి కొరికి చూడటానికి వీలులేని పాత్రలో ఆ చుక్కను పట్టుకోవడం అసాధ్యం.

ఈ వాదన ప్రకారం పొట్లం మీది సూచన తప్పని తేలవలసి ఉంది, ఈ వ్యాసం ఆ తీర్పు కోసమే మొదలైంది కూడా. కానీ రాత్రి ఎనిమిది గంటలకు సరిగ్గా కుదిరిన సూప్ పదిన్నరకు గరిటె నిలబడే ముద్ద అవుతుంది. నూరు గ్రాముల ఎండు పాస్తా ఉడికేసరికి రెండువందల గ్రాములకు పైగా తూగుతుంది. పొయ్యి ఆరినా అది తాగడం ఆపదు, గిన్నెలో ఉన్న రసాన్నంతా లాగుతూనే ఉంటుంది. వేడినీళ్ళు పోస్తే పలుచనవుతుంది కానీ రుచి పోతుంది, ఉబ్బిన పాస్తా మాత్రం మళ్ళీ బిగుసుకోదు. పాలతాలికలకు ఈ చిక్కు పెద్దగా లేదు, ఎందుకంటే నైవేద్యం ముగియగానే ఇల్లంతా ఒక్కసారే తింటుంది. సాయంత్రానికి మిగిలినది గట్టిపడినా వేడి పాలు పోసుకుని ఇష్టంగా తినేవారు ఉన్నారు. మామూలు రోజున పొన్నూరులో ఒక ఇల్లు తినే తీరు వేరు. ట్యూషను నుంచి పిల్లలు ఒక వేళకు, దుకాణం కట్టి ఒకరు మరో వేళకు, నిడుబ్రోలు స్టేషనులో రాత్రి బండి దిగి మరొకరు ఇంకో వేళకు వస్తారు. చివర వచ్చినవారి పళ్ళెంలో ఆ ముద్ద పడుతుంది. సాధారణంగా ఆ చివరివారు అందరికీ వడ్డించి కూర్చునే ఇల్లాలే.

కనుక ఒకేసారి కూర్చుని తినే రోజున ఒక్క గిన్నె పద్ధతి ఉత్తమం. వేళలు కలవని రోజున పాస్తాను విడిగా వండి వార్చడమే న్యాయం. గింజల రసాన్ని పెద్ద గిన్నెలో ఉంచి, వచ్చినవారికి వచ్చినప్పుడు పిడికెడు పాస్తా ఉడికించి పోయాలి. అందుకు నూరు గ్రాములకు లీటరు నీళ్ళు అక్కరలేదు. అమెరికా వంటశాస్త్ర రచయిత హెరాల్డ్ మెక్‌గీ 2009లో పరీక్షించి చూపినట్లు, కలుపుతూ ఉంటే అందులో సగం కూడా ఎక్కువే. ఉప్పు కూడా నీళ్ళను బట్టి తగ్గించి వేయాలి, ఎందుకంటే వార్చిన నీళ్ళను తూములో పోయకుండా రసం ఉన్న గిన్నెలోకే పోయాలి.