అమ్రాబాద్ రౌటర్‌లో ఐదు ఐపీలు

“అన్నా, ఐదు పబ్లిక్ ఐపీలు ఇచ్చినరు. ఒక్కటే పలుకుతుంది. మిగతా నాలుగింటికి పైసలెందుకు కట్టాలె?”

అడవి అంచునున్న అమ్రాబాద్‌లో టీవీ కేబుల్‌తో పాటు ఇంటర్నెట్ కూడా ఇచ్చే ఒక యువకుడు నన్నడిగిన మాట ఇది. మంచి ప్రశ్న. రౌటర్ పని వచ్చినవాళ్లు కూడా చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒక్క ఐపీ అయితే సెట్టింగుల పేజీ తెరిచి ఎవరైనా ఎక్కించేస్తారు. ఐదు ఎక్కించాలంటే మాత్రం ప్యాకెట్ ఏ దారిన వచ్చి ఏ దారిన పోతుందో కళ్లకు కట్టాలి. ఈ పనిలో నాకు నచ్చేది అదే.

ముందు ఐదే ఎందుకో చూద్దాం. ఐపీ అడ్రస్ 32 బిట్ల సంఖ్య. ప్రపంచం మొత్తానికి ఉన్నవి 429 కోట్ల పైచిలుకు. వాటిని ఖండాలకు పంచే ఐయానా, ఒక్కోదాంట్లో 1.67 కోట్ల అడ్రసులున్న తన ఆఖరి ఐదు బ్లాకుల్ని 2011 ఫిబ్రవరి 3న పంచేసింది. మన ఆసియా పసిఫిక్ వాటా చూసే ఏపీనిక్ ఆ ఏప్రిల్‌లోనే రేషన్ పెట్టింది. కొత్తగా చేరే సంస్థకు మొదట 1024 వరకు ఇచ్చేవారు, 2019లో ఆ పరిమితిని 512కు తగ్గించారు. మన దేశంలో ఈ వ్యవహారం నిక్సీ కింద ఉన్న ఇరిన్ చూస్తుంది. మండల కేంద్రంలో కనెక్షన్లు ఇచ్చుకునే మనిషి అంత దూరం పోలేడు. పై కంపెనీ దగ్గర ఎనిమిది అడ్రసుల బ్లాకు అద్దెకు తీసుకుంటాడు. అందులో మొదటిది నెట్‌వర్క్‌కు, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కు, ఒకటి కంపెనీ గేట్‌వేకు పోతాయి. చేతికొచ్చేవి ఐదు.

అంత తక్కువ ఉన్నప్పుడు ఇంటింటికీ ఒకటి ఇవ్వడం కుదరని పని. ఇళ్లకు దక్కేవి 10తోనో 192.168తోనో మొదలయ్యే లోపలి నంబర్లు. ఊరు ఊరంతా ఒకటి రెండు పబ్లిక్ ఐపీల చాటున బయటికి పోతుంది. దీన్ని నాట్ అంటాం. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు చూసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. ఎవరి ప్యాకెట్, ఏ పోర్టు మీద, ఎక్కడికి బయల్దేరిందో రౌటర్ తన రిజిస్టర్‌లో రాసుకుంటుంది. జవాబు తిరిగొస్తే ఆ వరుస చూసి లోపలికి వదులుతుంది. వరుసలో లేనిది బయటి నుంచి వస్తే గేటు దగ్గరే ఆపేస్తుంది.

దీనివల్ల ఏం జరిగిందంటే, అమ్రాబాద్ ఇంట్లో కూర్చున్నవాళ్లు ప్రపంచాన్ని ఏదైనా అడగొచ్చు, ప్రపంచం మాత్రం వాళ్లను పేరు పెట్టి పిలవలేదు. వీడియోలు చూడొచ్చు, ఫీజులు కట్టొచ్చు. సొంత పొలం దగ్గర పెట్టుకున్న కెమెరాను హైదరాబాద్ నుంచి చూడాలంటే మధ్యలో ఏదో కంపెనీ సర్వర్ కాళ్లు పట్టుకోవాల్సిందే. అడవి లోపలి పెంటల్లో, అంటే చిన్న గూడేల్లో, చెంచులకు సిగ్నల్ దొరకడమే గగనమైన చోట ఇది పెద్ద బాధ కాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆలస్యంగా కనెక్షన్ చేరిన ఊళ్లకు సగం ఇంటర్నెట్ చాలనే ఆలోచన నాకు నచ్చదు. అందుకే ఆ ఐదు అడ్రసులు ఎవరికి, దేనికి అన్నది చాలా జాగ్రత్తగా తేల్చాల్సిన విషయం.

ఉదాహరణకు పుస్తకాల కోసమే పక్కన పెట్టిన నంబర్లు తీసుకుంటాను, ఎవరి అడ్రసూ బజారున పడకుండా. బ్లాకు 203.0.113.8 నుంచి 15 దాకా. కంపెనీ గేట్‌వే 9. మనవి 10 నుంచి 14. పదిని రౌటర్‌కూ సగం ఇళ్లకూ ఇస్తాను. పదకొండును మిగతా ఇళ్లకు. అన్నీ ఒక్కదాని వెనకే పెడితే ఏమవుతుందో ఆపరేటర్లందరికీ అనుభవమే. గూగుల్ తెరిస్తే చాలు, రోబోవు కాదని నిరూపించుకోమంటుంది. పైగా ఒక ఐపీకి ఉండే పోర్టులు 65,536. ఒక్కో ఫోనూ ఒకేసారి పదుల కనెక్షన్లు తెరుస్తుంది. పన్నెండు కాలేజీకో పెట్రోలు బంకుకో, బయటి నుంచి తమ సర్వరో కెమెరాలో చూసుకోవాల్సిన వాళ్లకు. పదమూడు ఆపరేటర్ సొంత వీపీఎన్‌కు. పద్నాలుగు ఖాళీ. అద్దె కడుతూ ఒకదాన్ని ఖాళీగా ఉంచుతావా అంటారు. పరికరం మార్చిన రోజున, కొత్త కస్టమర్ వచ్చిన రోజున దాని విలువ తెలుస్తుంది.

ఇక ఆ యువకుడి ప్రశ్న. రౌటర్ ముట్టుకునే ముందు కంపెనీని అడగాల్సింది ఒకటుంది. ఈ బ్లాకు మన వైపు రూట్ చేశారా, లేక వాళ్ల తీగ మీదే పెట్టారా? గేట్‌వే నంబరు బ్లాకు లోపలే ఉంటే తీగ మీద పెట్టినట్టు. అప్పుడు పన్నెండుకు ప్యాకెట్ రాగానే పై రౌటర్ “పన్నెండు ఎవరు?” అని కేకేస్తుంది. దీన్నే ఆర్ప్ అంటారు. మన రౌటర్‌కు పది మాత్రమే నేర్పి ఉంటే పన్నెండు కోసం వచ్చిన కేకకు నోరు మెదపదు. ప్యాకెట్ అక్కడే పోతుంది. ఆ యువకుడి దగ్గర జరిగింది సరిగ్గా ఇదే. బయటి తీగ తగిలించిన పోర్టు మీద మిగతా నాలుగూ కూడా చేర్చాం, నాలుగూ పలికాయి.

రూట్ చేసి ఇస్తే కథ వేరు. మధ్య లింకుకు వేరే చిన్న బ్లాకు ఉంటుంది, ఎనిమిదీ నేరుగా మన దగ్గరికే వస్తాయి. నాట్‌తో వాడుకుంటే ఎనిమిదికి ఎనిమిదీ పనికొస్తాయి కూడా. అయితే వాడని నంబర్ల సంగతి మరిచిపోకూడదు. పద్నాలుగుకు వచ్చిన ప్యాకెట్‌ను ఏం చేయాలో తెలియక మన రౌటర్ డిఫాల్ట్ దారిలో పైకి పంపుతుంది. పైది మళ్లీ మనకే పంపుతుంది. ప్యాకెట్ ఆయుష్షు తీరేదాకా ఈ తిరుగుడే. అందుకే అలాంటి ప్యాకెట్లను అక్కడే పారేసేలా మొత్తం బ్లాకుకు ఒక బ్లాక్‌హోల్ రూట్ రాసి పెట్టాలి.

ఇంకో సంగతి చాలామంది ప్రాణం తీస్తుంది. పాత పరికరం మీదున్న ఐపీని కొత్త రౌటర్‌కు మారిస్తే, అంతా సరిగ్గా ఉన్నా పలకదు. పై రౌటర్ పాత పరికరం మ్యాక్ నంబరును ఇంకా గుర్తుపెట్టుకుని ఉంటుంది. సిస్కోలో ఆ జ్ఞాపకం మామూలుగా నాలుగు గంటలు. మన వైపు నుంచి ఆర్ప్ ప్రకటన ఒకటి పంపాలి, లేదా కంపెనీకి ఫోన్ చేసి చెరిపించాలి. తెలియనివాళ్లు ఆ నాలుగు గంటల్లో సరిగ్గా ఉన్న సెట్టింగులన్నీ పాడు చేసుకుంటారు.

తర్వాత నాట్ రూల్స్. కాలేజీ సర్వర్‌కు పన్నెండు ఇచ్చామంటే రాకకు ఒక రూల్, పోకకు ఒక రూల్ ఉండాలి. రాక రూల్ రాసి చేతులు దులుపుకుంటే పైకి అంతా బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే బయటి నుంచి వచ్చినదానికి జవాబు పన్నెండు మీదే పోతుంది. సర్వర్ తనంతట తాను బయటికి మాట్లాడినప్పుడు మాత్రం పది మీద పోతుంది. అవతల పన్నెండునే అనుమతించిన ఆఫీసు దాన్ని రానివ్వదు. పోక రూల్ రాసినా, ఇళ్లన్నిటి కోసం రాసిన రూల్ కింద పడితే దండగే. ముందు సరిపోయిన రూల్‌తోనే రౌటర్ ఆగిపోతుంది. ప్రత్యేకమైనవి పైన, అందరివీ కింద ఉండాలి.

ఐదు ఐపీలు ఎక్కించామంటే రౌటర్ లాగిన్ పేజీ ఐదు చోట్ల బయటికి కనిపిస్తున్నట్టే. మన జిల్లాల్లో చిన్న ఆపరేటర్ల దగ్గర బాగా కనిపించేది లాత్వియా కంపెనీ మైక్రోటిక్. 2018లో ఆ రౌటర్లను నడిపించే విన్‌బాక్స్‌లో బయటపడ్డ లోపానికి ఏప్రిల్‌లోనే మందు వచ్చింది. అప్‌డేట్ చేయని రౌటర్లను ఆ ఏడాది దొంగలు లక్షల్లో పట్టుకుని, వాటి వెనకున్న జనం కంప్యూటర్లతో క్రిప్టో తవ్వించారు. బ్రెజిల్‌లో మొదలై మన దేశం దాకా వచ్చింది. అందుకే నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు నేను చెప్పేది, రెండో ఐపీ చేర్చక ముందే ఫైర్‌వాల్ రాయమని. రౌటర్ లోపలికి దారి వీపీఎన్ నుంచే ఉండాలి.

అమ్రాబాద్ లాంటి చోట దూరం కూడా పనిలో భాగమే. హైదరాబాద్ నుంచి 130 కిలోమీటర్లకు పైగా. మన్ననూరు దాటిన అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు, ఆ దారిలో చాలా చోట్ల సిగ్నలే ఉండదు. దూరం నుంచి ఒక్క రూల్ తప్పు రాసి మనల్ని మనమే బయటికి నెట్టుకుంటే, తెల్లారేదాకా ఆ దారిలోని ఈగలపెంట లాంటి చోటికి ఎవరూ పోలేరు. మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్ ఉంది. కనెక్షన్ తెగితే చేసిన మార్పులన్నీ వెనక్కి పోతాయి. జూనిపర్‌లో అయితే ఇన్ని నిమిషాల్లో మళ్లీ ఖాయం చేయకపోతే పాతదానికే వెళ్లమని చెప్పొచ్చు. అడవి అంచున పని చేసేవాడు ఇవి లేకుండా ఎంటర్ నొక్కకూడదు.

లాగ్‌ల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. వందల ఇళ్లు ఒకే ఐపీ వాడుతున్నప్పుడు, ఫలానా సమయంలో ఆ ఐపీ ఎవరిదని పోలీసులు అడిగితే ఐపీ ఒక్కటి చూసి చెప్పలేం. పోర్టు, సమయం రెండూ కావాలి. గడియారం రెండు నిమిషాలు తప్పినా ఏ పాపం ఎరగని ఇంటి తలుపు తడతారు. 2022 ఏప్రిల్ 28న దేశ సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం లాగ్‌లు 180 రోజులు దాచమంది, గడియారాలను ఎన్ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలపమంది. కాగితాల తంతు అని విసుక్కునేవాళ్లున్నారు. ఒక అమాయకుడిని స్టేషన్‌కు పోకుండా ఆపే పని అది.

ఐదు ఐపీల్ని ఇంత పొదుపుగా పంచుకునే అవస్థ ఐపీవీ6లో ఉండదు. ఆ అడ్రసులు 128 బిట్లవి, ఇంటింటికీ కావాల్సినన్ని. జియో 2016లో వచ్చినప్పటి నుంచి మన ఫోన్లలో దాని వాడకం బాగా పెరిగింది. ఊళ్లలోని తీగ కనెక్షన్లకు అది ఇంకా పూర్తిగా చేరలేదు. ఆ యువకుడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. వచ్చే నెల బిల్లు కట్టేటప్పుడు ఐపీవీ6 బ్లాకు కూడా అడగండి. ఇచ్చాక నాట్ చాటు ఉండదు కాబట్టి లోపలి ప్రతి కెమెరా, ప్రతి టీవీ బయటికి నేరుగా కనిపిస్తాయి. ముందు ఫైర్‌వాల్ రూల్ రాసి, ఇంకో నెట్‌వర్క్ మీదున్న ఫోన్‌తో బయటి నుంచి పరీక్షించి, ఆ తర్వాతే ఇళ్లకు వదలండి.