మంచం చుక్కలకు ఇంటు మార్కు

కొన్నేళ్ల కిందట కోటబొమ్మాళిలో మేము చుక్కల పాఠం చెప్పి, సప్తర్షి మండలం బొమ్మ గీయమన్నాం. కొండ ఊరి నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక సవర పిల్లాడు నాలుగు చుక్కలు కలిపి మంచం గీశాడు. మిగిలిన మూడు చుక్కల పక్కన ‘దొంగలు’ అని రాశాడు. వాళ్ల అవ్వ చెప్పిందట. మేము ఎర్రసిరాతో ఇంటు పెట్టి, ఏడుగురు ఋషుల పేర్లు పదిసార్లు రాయించాం. తప్పు పిల్లాడిది కాదు, మాది.

తర్వాత తెలిసింది. మయాంక్ వాహియా, గణేశ్ హల్కారే 2013లో గోండుల ఆకాశ జ్ఞానం మీద అచ్చువేసిన పరిశోధనలోనూ అదే మంచం ఉంది. అది ముసలమ్మ మంచం, ఎత్తుకుపోవాలని చూసే దొంగలు ముగ్గురు. గోండి ద్రావిడ భాష, సవర ముండా భాష. భాషలు వేరైనా మంచం ఒకటే. ఆ పరిశోధన మంచి పనే. కానీ అది ఇంగ్లిషులో ఉంది. కథ చెప్పే అవ్వలకు గానీ, వినే పిల్లలకు గానీ అది అందదు. మన దగ్గర తీసుకున్నది మన బడికి తిరిగి రాకపోతే ఆ పని సగమే అయినట్టు.

ఇక రాశుల సంగతి. పన్నెండు రాశుల లెక్క బాబిలోనులో పుట్టి, గ్రీకుల చేతుల మీదుగా మన దేశానికి వచ్చింది. అంతకు ముందే ఇక్కడ ఇరవై ఏడు నక్షత్రాల లెక్క ఉంది. మేషం, వృషభం, తులలో గొర్రెల కాపరీ, ఎద్దుల రైతూ, తక్కెడ పట్టిన వర్తకుడూ కనిపిస్తారు. ఎవరి బతుకు వాళ్లు ఆకాశంలో చూసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. వాళ్ల గొర్రె శాస్త్రమై, మన మంచం మూఢత్వం కావడమే తప్పు.

మన కుర్రాళ్లు ఇప్పుడు పొద్దున్నే ఫోనులో రాశిఫలం చూస్తున్నారు. ఒక్క మాట అడుగుతాం. మా తరంలో చాలామందికి పుట్టినరోజు ఏది? బడిలో చేర్చిన రోజు పంతులు తోచినట్టు వేసిన జూన్ తేదీ. పంతులు వేసిన తేదీకి గ్రహాలు ఫలితం చెబుతాయా?

పున్నమి కథలు అలా కాదు, వాటిలో పని ఉంది. పున్నమినాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటే కార్తీకం, చిత్త దగ్గర ఉంటే చైత్రం. ఆ కృత్తికలనే పల్లెల్లో పిల్లలకోడి అంటారు. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరుసలోకి రావడం వల్ల పున్నమికీ అమావాస్యకీ సముద్రం పోటెక్కువ. భావనపాడు తీరంలో వేటకెళ్లేవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

అలాగని పెద్దలు చెప్పిందంతా నిజమని మేము అనం. తోకచుక్క కనబడితే ఊరికి కీడన్న మాటను పిల్లల ముందే పరీక్షకు పెట్టాలి. కథను కథగా దాచుకోవాలి, భయాన్ని వదిలేయాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలకూలాయి. ఊళ్లలో కరెంటు పోయింది. మబ్బు విడిపోయాక, దీపం లేని రాత్రుల్లో జనం ఆరుబయట కూర్చున్నారు. ఆకాశం నిండా చుక్కలు. పిల్లలు వేలెత్తి ఇదేంటి, అదేంటి అని అడిగారు. పెద్దవాళ్లలో కొందరికే పేర్లు గుర్తున్నాయి. ఆ రాత్రి పోయిన చెట్లు మళ్లీ నాటుకోవచ్చు. ఆ కొందరూ పోతే పేర్లు ఎక్కడ నాటుకుంటాం?

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. వేసవి సెలవులకు ముందు, ఒక సాయంత్రం పొద్దుగూకాక పిల్లల్ని బయట నిలబెట్టండి. ఉత్తరాన, నేలకు పద్దెనిమిదిన్నర డిగ్రీల ఎత్తున ధ్రువ నక్షత్రం ఉంటుంది. మన అక్షాంశం ఎంతో దాని ఎత్తూ అంతే. దానికి పైన సప్తర్షులు. ఋషుల పేర్లు చెప్పండి. తర్వాత, “మీ అవ్వ దీన్ని ఏమంటుంది?” అని అడగండి. చెప్పింది వాళ్ల భాషలోనే, తెలుగు లిపిలో రాయించండి. పక్కన అవ్వ పేరు, ఊరి పేరు కూడా రాయించండి.

ఆ పిల్లాడి పాత నోటుబుక్కు ఇప్పుడు మా దగ్గర లేదు. ఉంటే ఆ ఇంటు కొట్టేసి టిక్కు పెట్టేవాళ్లం.