కల్లు మండువలో కిన్నెర

పొద్దు వాలే వేళకు గౌడన్న మోకు దించి, ఈతవనం అంచున లొట్లను వరసగా పెట్టేవాడు. చుట్టూ గొంతు కూర్చున్న ఆడా మగా. మోదుగాకు దొప్పల్లో గుడాలు, చేతుల్లో తాటిరేకలు. నాగర్‌కర్నూల్ పక్కనున్న మా ఊరి మండువకు తాత వెంట పోయిన నాకు దక్కింది గుడాలే. అయినా నేను పోయింది వాటి కోసం కాదు, పాట కోసం. ఏ రాత్రి ఎవరొస్తారో ముందుగా తెలిసేది కాదు. ఒకనాడు డప్పు, ఒకనాడు శారద కథ, ఏడాదికి ఒకటి రెండుసార్లు కిన్నెర.

మా పాలమూరు సీమలో గద్వాల, వనపర్తి అనగానే మనకు సంస్థానాలు గుర్తొస్తాయి. గద్వాల ప్రభువులు పండితులను పోషించి ఊరికి 'విద్వద్గద్వాల' అని పేరు తెచ్చారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేసి 354 మంది కవులను చూపించిన సురవరం ప్రతాపరెడ్డిది ఈ గద్వాల ప్రాంతమే. అది రాతలో నిలిచిన కవిత్వం. మండువలో పాడినవాళ్ళ పేర్లు ఏ సంచికకూ ఎక్కలేదు. వాళ్ళకు ప్రభువులిచ్చే వర్షాశనాలు లేవు. ఆ పూట తువ్వాలలో పడిన చిల్లరే సన్మానం.

కిన్నెర ఎక్కువగా డక్కలి కళాకారుల వాద్యం. మాదిగల ఇళ్ళ ముందు జాంబపురాణం చెప్పి, వాళ్ళిచ్చే త్యాగంతో బతికిన కులం అది. వాద్యం పాతది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమన రాసిన 'బసవపురాణం'లో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుడి కథే ఉంది. బారెడు వెదురు దండి, దాని కింద ఎండిన సొరబుర్రలు, దండి మీద మెట్లు. వేలు ఏ మెట్టు మీద ఆనితే ఆ స్వరం. ఒకప్పుడు ఈ మెట్లను అలుగు (పాంగోలిన్) పొలుసులతో చేసి, తేనెమైనంతో అతికించేవాళ్ళు. అలుగును వేటాడటం నేరమైన ఈ కాలంలో వేరే సరుకు వెతుక్కోక తప్పదు. మెట్లు పన్నెండైతే దాన్ని పన్నెండు మెట్ల కిన్నెర అంటారు.

బుర్రల్లోంచి వచ్చే నాదం పెద్దది కాదు. అరుపులు, నవ్వులు, అప్పుల పంచాయితీలు నిండిన మండువలో అది వినపడటం ఎట్లా? పాటగాడి పనితనమంతా అక్కడే ఉంది. వచ్చీరాగానే పాట ఎత్తుకునేవాడు కాదు. ఓ మూలన కూర్చుని తీగ ఒక్కటే మీటుతూ ఉండేవాడు. పక్కవాడు మాట ఆపేవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. వనం సద్దుమణిగాక గొంతు లేచేది. చరణాలు పొట్టివి. పాటగాడు ఒక వరస అనగానే కిన్నెర దాన్నే తిరిగి పలికేది. వంతపాటగాడు లేని లోటు వాద్యమే తీర్చేది. తాగి తూగుతున్నవాడికి మొదటిసారి అందని మాట రెండోసారికి అందేది.

పాటకూ పాటకూ నడుమ వచనం. కథ అక్కడ పరుగు తీసేది. ఉన్నోళ్ళను కొట్టి లేనోళ్ళకు పెట్టిన పండుగ సాయన్న కథ పాలమూరులో అందరికీ తెలిసిందే. తెలిసిన కథను కొత్తగా వినిపించడానికి ఆ పల్లె పేరో, ఎదుట కూర్చున్న పెద్దమనిషి పేరో అందులో అల్లేవాడు. సాయన్న చిక్కుల్లో పడే ఘట్టానికి రాగానే కిన్నెర ఆగేది, తువ్వాల తిరిగేది. చిల్లర రాలితేనే సాయన్న తప్పించుకునేవాడు! ఆ రాత్రి డప్పు కూడా ఉంటే గడ్డిమంట వేసి తోలు కాచేవాళ్ళు. మేకతోలు వేడికి బిగిస్తేనే చిర్ర దెబ్బ మోగుతుంది. డప్పు లేకపోతే ఖాళీ లొట్టి మీద వేళ్ళతో తాళం. నచ్చకపోతే జనం మొహం మీదే చెప్పేవాళ్ళు. అంతకు మించిన పరీక్ష ఏ సభలోనూ ఉండదు.

అన్నీ బంగారు రోజులని చెప్పను. ఆ మండువలోనే సంసారాలు కూలడమూ చూశాను. తర్వాత చెట్ల కల్లు తగ్గి, మత్తుమందు కలిపిన కల్లు దుకాణాలకు వచ్చింది. 2015లో సర్కారు కల్తీ మీద ఉక్కుపాదం మోపితే, ఆ మందుకు అలవాటు పడిన మనుషులు పాలమూరులో దవాఖానల పాలయ్యారు. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో ఊళ్ళు వలసపోయాయి. మిగిలిన చోట సెల్‌ఫోన్ పాడుతోంది. పాటను చంపింది కల్లు కాదు, వినేవాళ్ళు చెదిరిపోవడం.

తాగేచోట పెరిగిన పాట నిలవకూడదని లేదు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో చవక సారా కొట్లలో పెరిగిన ఫాడో పాటను 2011లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. అక్కడి మనుషులు ఇప్పటికీ బల్లల చుట్టూ కూర్చుని, దీపం తగ్గించి దాన్ని వింటారు. మనకూ గుర్తింపు రాలేదని కాదు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటకు గొంతిచ్చారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి అదే మనిషి హైదరాబాద్ శివారులో కూలి పని చేస్తున్నారని పత్రికలు రాశాయి.

పతకం పాటగాడిని గౌరవిస్తుంది, పాటను బతికించేది మాత్రం కూర్చుని వినేవాళ్ళే. మళ్ళీ లొట్ల చుట్టూనే చేరాలని కాదు. జాతరలో డీజేకు పెట్టే ఖర్చులో సగంతో ఒక కిన్నెర కళాకారుణ్ణి పిలవండి. వేదిక ఎక్కించకండి, నడుమ కూర్చోబెట్టండి. మైకు తీసేయండి. సాయన్న చిక్కుల్లో పడ్డప్పుడు తువ్వాల మీ ముందుకొస్తుంది. అప్పుడు మాత్రం చెయ్యి జేబులోకి పోనివ్వండి.