మళ్లీ సూది ఎందుకు?

"మొన్ననే కదండీ అన్నేసి గొట్టాల రక్తం లాగారు. ఆ కాగితాలే వీళ్లకూ పంపేస్తే పోలా?"

టర్మ్ పాలసీకి ఒక కంపెనీలో మెడికల్ అయ్యాక, లోడింగ్ (అదనపు ప్రీమియం) వేశారనో రేటు నచ్చలేదనో ఇంకో కంపెనీకి వెళ్లేవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. బ్రోకరు ఆఫీసులో పనిచేస్తాను గనక నా చెవిన తరచూ పడుతుంది. న్యాయమైన ప్రశ్నే. మనిషీ అతనే, రక్తమూ అతనిదే. మళ్లీ పరగడుపున కూర్చోమంటే విసుగు రాదా?

ఇంటికొచ్చే ల్యాబ్ కుర్రాణ్ణి ఈసారి గమనించండి. సంచి విప్పగానే సూది తియ్యడు. ముందు ఆధార్ అడుగుతాడు, కార్డు పట్టుకున్న మిమ్మల్ని ఫొటో తీస్తాడు. ఊదారంగు మూత గొట్టం హెచ్‌బీఏ1సీకి, బూడిదరంగు మూతది షుగర్‌కి. ఒక్కోదాని మీదా బార్‌కోడ్ అంటించి మీ చేత సంతకం పెట్టించుకుంటాడు. తన బదులు బావమరిదిని కూర్చోబెట్టే ఘనులు ఉంటారనే ఈ తతంగమంతా. ఆ రక్తం మీదేనన్న నమ్మకాన్ని మొదటి కంపెనీ డబ్బు పెట్టి కొనుక్కుంది. రెండో కంపెనీకి మీరు పంపేది ఒట్టి పీడీఎఫ్. పైగా ఎవరి టెస్టుల జాబితా వాళ్లది. మీ వయసు, అడిగిన కవరేజీ చూసి ఒకరు ఈసీజీతో సరిపెడితే మరొకరు ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడ స్వతంత్ర ఏజెంటు ఒకే పరీక్ష ఫలితాన్ని నాలుగైదు కంపెనీల ముందు పెట్టి బేరమాడగలడు. పరీక్ష చేసే పారామెడికల్ సంస్థ ఆ కంపెనీలన్నిటికీ తెలిసినదే. ఆర్నెల్లో ఏడాదో దాటకపోతే, ఆరోగ్యంలో మార్పేమీ లేదని రాయించుకుని చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. 1902లో పుట్టిన ఎమ్ఐబీ అనే సంస్థ ద్వారా సభ్య కంపెనీలు దరఖాస్తుదారుల వివరాలు కోడ్ రూపంలో పంచుకుంటాయి కూడా. మన దగ్గర వ్యక్తిగత ఏజెంటు ఒక్క జీవిత బీమా కంపెనీకే పనిచెయ్యాలి, ఫైలు చంకన పెట్టుకుని పక్క వీధి కంపెనీకి వెళ్లే వీల్లేదు. ఏజెంటే కదలనిచోట రిపోర్టు కదలకపోవడంలో వింతేముంది?

అయినా కాపీ అడిగి తీసుకోమనే చెబుతాను. పాలసీ నచ్చక 30 రోజుల ఫ్రీలుక్ గడువులో వెనక్కిచ్చేస్తే మెడికల్ ఖర్చు పట్టుకునే మిగతాది ఇస్తారు. మన డబ్బుతో చేసిన పరీక్ష కాగితం అడగడానికి మొహమాటం దేనికి?

కాకినాడలో హార్డ్‌వేర్ కొట్టున్న ఒకాయనకు హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. షుగరని ముద్ర వెయ్యరు గానీ అండర్‌రైటర్ కనుబొమ ముడుస్తాడు. ప్రీమియం పెంచారు. కాపీ తెప్పించుకుని నా దగ్గరికొచ్చారు.

"వారం రోజులు అన్నం మానేసి ఇంకోచోట రక్తం ఇస్తేనో, గురువు గారూ?"

"పరగడుపు షుగర్ దిగొచ్చు. హెచ్‌బీఏ1సీ మూణ్ణెల్ల సంగతి చెబుతుందండీ, వారం పథ్యానికి లొంగదు."

"పోనీ, అక్కడ లోడింగ్ వేశారని ఇక్కడ రాయడం దేనికి? కోరి ఇరుక్కోవడం కాదూ? మూడేళ్లు దాటితే ఎవరూ ఏమీ చెయ్యలేరటగా."

సెక్షన్ 45 బాగానే విన్నారాయన. బీమా చట్టానికి 2015లో జరిగిన సవరణ ప్రకారం మూడేళ్లు నిండిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు.

"మూడేళ్లు ఉంటామని మనకు రాసిచ్చిందెవరండీ?" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. ప్రపోజల్ ఫారంలో ఇతర పాలసీల గురించీ, ఎవరైనా తిరస్కరించారా, వాయిదా వేశారా, షరతులు పెట్టారా అనీ అడుగుతారు. రెండు నెలల ముందు మరో కంపెనీలో తీసుకున్న పాలసీని దాచిన కేసులో, మనిషి పోయాక క్లెయిమ్ ఇవ్వననడం సబబేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. దాచింది జబ్బును కూడా కాదు, ఇంకో పాలసీ ఉందన్న సంగతిని.

నాకు ఆ కాపీతో పని అక్కడే పడింది. పేరు చెప్పకుండా అంకెలు మాత్రం చెప్పి, 6.3ను ఎవరు ఎలా చూస్తారో రెండు మూడు కంపెనీల్లో వాకబు చేశాను. ఒకచోట తల ఊపారు. ఫారంలో మొదటి కంపెనీ లోడింగ్ సంగతి రాసి, కాపీ జతచేశాం. రక్తం మళ్లీ ఇచ్చారు. ఈసారి ట్రెడ్‌మిల్ కూడా పడింది. రెండో కంపెనీ కూడా లోడింగ్ వేసింది గానీ మొదటిదాని కంటే తక్కువ. ఆయన సంతకం పెట్టేసి, మరి మొదటి కంపెనీ వాళ్లకు ఏం చెప్పాలని అడిగారు. ఒప్పుకోలేదని మెయిల్ పెట్టమన్నాను.