సాగుడు వేరు, జిగట వేరు

ఓట్స్ పిండితో పాన్‌కేక్ వేసి చూసినవాళ్ల ఫిర్యాదులు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. పెనం మీద పొంగినట్టే పొంగి, పళ్లెంలోకి వచ్చేసరికి చదునైపోయింది. పైన ఎర్రగా కాలినా మధ్యలో ముద్దగా మిగిలింది. తిరగేయబోతే రెండు ముక్కలైంది. కారణం అడిగితే వచ్చే జవాబు కూడా ఒక్కటే: గోధుమలో ఉండే గ్లూటెన్ ఇందులో లేదు కదా, పొంగు ఎక్కణ్నుంచి వస్తుంది? గ్లూటెన్ పడనివాళ్లు సరిపెట్టుకోవలసిన తిండి ఇది, ఇంతకంటే బాగా రాదు అన్న నిరాశ ఆ జవాబులో ఉంది. ఆ నిరాశకు ఆధారం లేదన్నది ఈ వారం నా వాదన. పాన్‌కేక్ దూదిలా రావడానికి గ్లూటెన్ అక్కర్లేదు. ఇంకొంచెం గట్టిగా చెప్పాలంటే, మంచి పాన్‌కేక్‌కు గ్లూటెన్ అడ్డం కూడా. ఓట్స్ పిండిని గోధుమపిండి అనుకుని, అదే కొలతతో, అదే తొందరతో కలపడం వల్లే అది చెడుతోంది.

మొదటి సాక్ష్యం గోధుమ పాన్‌కేక్ దగ్గరే దొరుకుతుంది. అమెరికన్ వంట పుస్తకాల్లో పాన్‌కేక్ పేజీ తెరిస్తే తరచుగా కనిపించే హెచ్చరిక ఒకటుంది: పిండిని ఎక్కువసేపు కలపొద్దు, చిన్న చిన్న ఉండలు మిగిలినా ఫరవాలేదు. మైదాకు నీరు తగిలి గరిటె తిరిగేకొద్దీ గ్లైయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల మాంసకృత్తులు ఒకదాన్నొకటి పెనవేసుకుని సాగే వలలా తయారవుతాయి. గ్లూటెన్ అంటే ఆ వలే. పరోటా మాస్టర్ మైదా ముద్దను గాలిలో విసిరి పల్చటి గుడ్డలా చేయగలిగేది దాని చలవే. బ్రెడ్‌కు అది కావాలి. ఈస్ట్ గంటల తరబడి వదిలే వాయువును తప్పించుకోనివ్వకుండా పట్టి ఉంచాలి గనక. పాన్‌కేక్‌లో వాయువు పొంగడం, పిండి గట్టిపడటం రెండూ పెనం మీద మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. ఆ కాస్త సేపటికి అంత బలమైన వల అవసరం లేదు. బలపడితే నోట్లో రబ్బరులా సాగుతుంది. కేకుల కోసం మాంసకృత్తులు తక్కువున్న మైదాను ప్రత్యేకంగా అమ్మేది కూడా ఇందుకే. గోధుమ పాన్‌కేక్ బాగా వేసేవారి నేర్పులో సగం, గ్లూటెన్‌ను నిద్ర లేపకుండా పని కానివ్వడం. ఓట్స్ పిండిలో ఆ బెడద మొదట్నుంచీ లేదు.

మరి గాలిని పట్టి ఉంచేదేమిటి? ఇక్కడ తెలుగులో మనకు రెండు మంచి మాటలున్నాయి: సాగుడు, జిగట. లాటిన్‌లో గ్లూటెన్ అంటే జిగురు. అయితే గోధుమ జిగురు సాగే జిగురు. బెండకాయ కోస్తే చేతికి అంటేది సాగుడు కాదు, జిగట. ఓట్స్‌ది ఈ రెండో జాతి. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు పదార్థం సుమారు 4 శాతం ఉంటుంది, గోధుమలో ఒక శాతం కూడా ఉండదు. అది నీటిలో కరిగి నీటినే చిక్కబరుస్తుంది. ఓట్స్ జావ చల్లారేకొద్దీ గరిటెను వదలకుండా పట్టుకునేది దానివల్లే. చిక్కటి ద్రవంలో గాలి బుడగ నెమ్మదిగా పైకి లేస్తుంది, పక్క బుడగతో తొందరగా కలవదు. పిండి వేడికి గట్టిపడేదాకా బుడగ నిలిస్తే పాన్‌కేక్‌కు అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

ఇది నమ్మలేనివారు గారెల పిండిని గుర్తు తెచ్చుకోవాలి. మినప్పప్పులో గ్లూటెన్ లవలేశమైనా లేదు. అయినా బాగా రుబ్బిన పిండిలోంచి చిన్న ఉండ తీసి నీళ్ల గిన్నెలో వేస్తే తేలుతుంది. తేలిందంటే లోపల గాలి నిలిచిందని అర్థం. మినుముకున్న జిగటే ఆ గాలిని పట్టి ఉంచింది. ఇడ్లీలోనూ ఇంతే: ల్యూకోనోస్టాక్ జాతి బ్యాక్టీరియా రాత్రంతా వదిలే వాయువును మినప జిగట ఆపుతుంది, ఆవిరి తగలగానే బియ్యపు రవ్వతో సహా గట్టిపడుతుంది. తెలంగాణలో, రాయలసీమలో జొన్నరొట్టె చేసేవాళ్లు పిండిలో మరిగే నీళ్లు పోస్తారు. జొన్నకు గ్లూటెన్ లేదు కాబట్టి స్టార్చ్‌ను కొంత ఉడికించి, అందులోంచే పట్టును రాబడతారు. గ్లూటెన్ లేకుండా పొంగించడం, గ్లూటెన్ లేకుండా అతికించడం రెండూ తెలిసిన వంటిళ్లు మనవి. ఓట్స్ పాన్‌కేక్‌కు కావలసిన తర్కం అంతా అక్కడ ఉంది. ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. మినుముకున్నంత పట్టు ఓట్స్‌కు లేదు. ఆ లోటు తీర్చడానికి గుడ్డు తోడు రావాలి.

ఇక అసలు పొరపాటు ఎక్కడ జరుగుతోందో చూద్దాం. ఓట్స్ జిగట వెంటనే ఊరదు. ఓట్స్ పిండిలో పై పొట్టు కూడా ఉంటుంది, అది నీటిని నెమ్మదిగా పీలుస్తుంది. కలిపిన నిమిషంలో పిండి జారుగా కనిపిస్తుంది. అప్పుడే పెనం మీద పోస్తే అట్టులా పరుచుకుంటుంది. జారుగా ఉందని మరికాస్త పిండి కలిపితే, ఐదు నిమిషాల తర్వాత అది మిగిలిన నీళ్లన్నీ తాగేసి పొడిబారిన రొట్టె అవుతుంది. ఇది తెలిసినవాళ్లు పిండిని నాననిస్తారు, కానీ బేకింగ్ పౌడర్ కలిపేశాక నాననిస్తారు. తడి తగలగానే ఆ పొడి వాయువు వదలడం మొదలుపెడుతుంది, పిండి చిక్కబడేలోపే చాలావరకు ఎగిరిపోతుంది. నాననివ్వడం, పొంగించడం వేర్వేరు పనులు. వాటి మధ్య పావుగంట ఎడం ఉండాలి. నాకు తెలిసినంతలో ఓట్స్ పాన్‌కేక్ బాగుపడటమూ చెడటమూ ఈ వరుస మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

కొలతలు ఇవీ. 100 గ్రాముల ఓట్స్ పిండి, అంటే ఒక కప్పుకు అటూఇటుగా. 130 మిల్లీలీటర్ల చిక్కటి పుల్లమజ్జిగ. ఒక గుడ్డు పచ్చసొన, ఒక పెద్ద చెంచా కరిగించిన వెన్న, ఒక పెద్ద చెంచా పంచదార, చిటికెడు ఉప్పు. ఇవన్నీ కలిపి మూతపెట్టి 15 నిమిషాలు వదిలేయాలి. ఆ తర్వాతే ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా వంటసోడా జల్లించి చల్లి కలపాలి. తెల్లసొనను విడిగా నురగ నిలబడేదాకా గిలకొట్టి, చివర్లో గరిటెతో కింది నుంచి పైకి మడిచినట్టు కలిపి, వెంటనే పెనం మీదికి పోయాలి. గరిటె ఎత్తితే పిండి ధారగా కారకూడదు, బద్దకంగా ముద్దగా జారాలి. గోధుమపిండికి చెప్పిన 'ఎక్కువ కలపొద్దు' అన్న నియమం మొదటి దశలో దీనికి వర్తించదు. గ్లూటెన్ లేదు కాబట్టి ఉండలు లేకుండా ఎంతసేపైనా కలపవచ్చు, కలిపేకొద్దీ జిగట బాగా ఊరుతుంది. తెల్లసొన నురగ కలిపాక మాత్రం చేయి తేలిగ్గా పడాలి.

పిండి గురించి కూడా ఒక మాట. కొన్న పిండి కంటే రోల్డ్ ఓట్స్‌ను అప్పటికప్పుడు మిక్సీలో మెత్తగా పట్టి జల్లించుకోవడం మేలు. ఓట్స్ గింజలో కొవ్వు 6, 7 శాతం ఉంటుంది, గోధుమలో 2 శాతం దగ్గర. అందుకే మిల్లుల్లో గింజను ఆవిరి పట్టి, కొవ్వును చెడగొట్టే ఎంజైమును ముందే చంపేస్తారు. అయినా పిండిగా మారాక గాలి తగిలి చేదెక్కడానికి ఎక్కువ కాలం పట్టదు. ఆ కొవ్వు వల్ల వచ్చే మేలూ ఉంది. తాజా పిండితో చేసిన పాన్‌కేక్‌కు జీడిపప్పు వేయించినప్పటి కమ్మదనానికి దగ్గరైన వాసన వస్తుంది. మైదాకు అది ఎన్నటికీ రాదు.

బేకింగ్ పౌడర్ చరిత్ర ఇక్కడ ప్రస్తావించదగ్గది. 1843లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే రసాయన నిపుణుడు దాన్ని తయారుచేసింది, తన భార్యకు ఈస్ట్ పడదని. అంతకుముందు 1837లో ఆమెకు గుడ్డు పడదని గుడ్డు లేని కస్టర్డ్ పొడి చేశాడు. ఒకరి ఒంటికి పడని తిండికి బదులు వెతికితే ప్రపంచమంతా వాడే సరుకు పుట్టింది. పడనివారి కోసం చేసే వంట ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే అనుకునేవారికి ఇంతకంటే మంచి జవాబు లేదు. అయితే సోడా విషయంలో చేయి జారకూడదు. మజ్జిగలో పులుపుకు సరిపడినంతే అది వాయువుగా మారుతుంది, మిగిలింది సబ్బు రుచిగా నాలుకకు తగులుతుంది. పొంగు చాలలేదని సోడా రెట్టింపు చేస్తే బుడగలు పెద్దవై పగిలిపోయి, పొంగినదంతా కూలుతుంది.

పెనం దగ్గర చేసే తప్పు సెగ. స్టార్చ్ సుమారు 60 డిగ్రీల దగ్గర ఉబ్బడం మొదలుపెడుతుంది, గుడ్డు 60 దాటాక గడ్డకట్టడం మొదలై 80 వచ్చేసరికి గట్టిపడుతుంది. మందంగా ఉన్న పాన్‌కేక్ నడిబొడ్డుకు ఆ వేడి చేరాలంటే సమయం కావాలి. పెద్ద మంట మీద అడుగు నల్లబడేసరికి కూడా మధ్య పచ్చిగానే ఉంటుంది. ఓట్స్ జిగట పచ్చిగా ఉంటే నాలుకకు అంటుకుంటుంది, అందుకే ఈ తప్పు మైదా కంటే ఇందులో ఎక్కువ బయటపడుతుంది. సన్నసెగకు కాస్త పైన ఉంచి, మూతపెట్టాలి. దిబ్బరొట్టె కాల్చేవాళ్లకు ఈ మూత ఎందుకో చెప్పక్కర్లేదు: పైనుంచి ఆవిరి తగిలి రెండు వైపులా ఉడుకుతుంది. జపాన్‌లో పేరుపడ్డ ఎత్తైన సూఫ్లే పాన్‌కేకులు కాల్చేదీ ఇలాగే, తెల్లసొన నురగతో, మూత కింద, చిన్న మంట మీద. వెడల్పు నాలుగంగుళాలు మించకూడదు. సాగుడు లేని పిండి పెద్దదైతే తిరగేసేటప్పుడు విరుగుతుంది. అంచుల్లో బుడగలు పగిలి, గుంటలు మూసుకోకుండా నిలిచినప్పుడు ఒక్కసారి తిప్పాలి. అట్లకాడతో అదమకూడదు.

గ్లూటెన్‌కు బదులు పట్టు కోసం వేసే జాంతన్ గమ్ లేకుండా గ్లూటెన్ రహిత వంట కుదరదని కొందరంటారు. బ్రెడ్ విషయంలో ఆ మాటలో నిజం ఉంది. పాన్‌కేక్‌లో ఓట్స్ జిగట ఆ పని ఎలాగూ చేస్తోంది, పైనుంచి గమ్ వేస్తే బంక అవుతుంది. గుడ్డు తిననివారి సంగతేమిటన్నది దీనికంటే గట్టి ప్రశ్న. అవిసె గింజల పొడిని నీళ్లలో నానబెట్టి వేస్తే జిగట పెరుగుతుంది, కానీ వేడికి గుడ్డులా గట్టిపడదు. పాన్‌కేక్ విరగకుండా వస్తుంది, ఎత్తు సగానికి తగ్గుతుంది. గుడ్డు లేకుండా అంతే ఎత్తు వస్తుందని చెప్పేవారి మాట నేను నమ్మను. గుడ్డు వద్దనుకునేవారు ఓట్స్‌తో పాటు నాలుగో వంతు మినప్పిండి కలిపి చూడటం మంచి దారి.

మనకు జొన్నలు, సజ్జలు, మినుములు ఉండగా చలిదేశాల ఓట్స్ ఎందుకని అడిగేవారికి నేను ఎదురు చెప్పను. దిబ్బరొట్టెను పక్కకు నెట్టేంత గొప్పదేమీ కాదిది. ఓట్స్ స్కాట్లాండ్ లాంటి చల్లటి, తడి నేలల పంట. అక్కడి పేదల రొట్టెలు దానితోనే చేసేవారు. మన దేశంలో ఉత్తరాదిన ఎక్కువగా పశుగ్రాసంగా పండిస్తారు. అయితే పాన్‌కేక్ అనే వంటకం కావాలనుకున్నప్పుడు, రాత్రంతా పులియబెట్టకుండా అరగంటలో మెత్తగా రావాలనుకున్నప్పుడు, ఓట్స్ జిగట జొన్న, సజ్జలకు లేదు. అలాగే గ్లూటెన్ అంటే విషమన్నట్టు మాట్లాడేవారితోనూ నాకు పొత్తు లేదు. ఏ జబ్బూ లేనివారు గోధుమకు భయపడనక్కర్లేదు. ఓట్స్ పాన్‌కేక్‌ను రుచి కోసం తినవచ్చు.

గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నవారి సంగతి పూర్తిగా వేరు. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి ఉండే జబ్బు ఇది. మన దేశంలో గోధుమ ఎక్కువ తినే ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో చాలా అరుదు. దీనికి గోధుమే కారణమని నిరూపించింది విలెమ్ డిక్ అనే డచ్ పిల్లల వైద్యుడు, 1950 నాటి తన సిద్ధాంత వ్యాసంలో. ఓట్స్‌ను కూడా చాలాకాలం అనుమానించారు. 1995లో ఫిన్లాండ్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లు మితంగా ఓట్స్ తిన్నా పేగు దెబ్బతినలేదని తేలింది. అయినా ఓట్స్‌లోని అవెనిన్ అనే మాంసకృత్తు కొద్దిమందికి పడదు. ఆస్ట్రేలియాలో ఓట్స్ మీద 'గ్లూటెన్ రహితం' అని ముద్రించడానికే వీల్లేదు. అవెనిన్ పడేవారికి అసలు ప్రమాదం ఓట్స్ నుంచి రాదు, అదే పొలంలో, అదే లారీలో, అదే మిల్లులో కలిసే గోధుమ, బార్లీ గింజల నుంచి వస్తుంది. మన ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములు మించి గ్లూటెన్ ఉంటే 'గ్లూటెన్ రహితం' ముద్ర వేయకూడదు. మామూలు ఓట్స్ ప్యాకెట్‌కు ఆ హామీ లేదు. సీలియాక్ ఉన్నవారికి చేసిపెట్టేటప్పుడు ఆ ముద్ర ఉన్న ఓట్సే కొనండి, గోధుమ పట్టిన మిక్సీ జార్‌లో పట్టకండి, చపాతీ కాల్చిన పెనం వాడకండి, ఓట్స్ తినడానికి వారి వైద్యుడు ఒప్పుకున్నాడో లేదో పిండి కలపకముందే వారిని అడగండి.