జముకులకథలో సంఘం: ఉద్దానం సాహిత్య విమర్శకు ఒక చేర్పు

ఉద్దానం పోరాట సాహిత్య విమర్శలో ‘సంఘం’ తరచుగా సాయుధ పోరాటానికి పూర్వరంగంగా మాత్రమే కనిపిస్తుంది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ, అదే ఏడాది మందస జమీందారీ రైతు పోరాటంలో వీరగున్నమ్మ మరణం, 1969లో సుబ్బారావు పాణిగ్రాహి మరణం అన్న వరుసలో అమరత్వానికే ప్రాధాన్యం దక్కింది. జనం ఒక్కటైన క్రమం మరుగునపడింది.

ఆ క్రమం పాణిగ్రాహి చేపట్టిన జముకులకథ రూపంలోనే ఉంది. కథకుడు ఎత్తుకున్నదాన్ని వంతలు అందుకుంటారు. వంత లేనిదే కథ నడవదు. ఒకరి బాధను పలువురి నోట పలికించే ఈ నిర్మాణం సంఘ నిర్మాణానికి దగ్గరిది. కనుక జముకులకథను ప్రచార సాధనంగా మాత్రమే పరిగణించడం అసమగ్రం.

కాశీబుగ్గ–పలాస జీడి పరిశ్రమపై వచ్చే రచనలను పరిశీలించడానికి ఈ దృష్టి అవసరం. జీడిపప్పు పొట్టు తీసేవారిలో అధికులు స్త్రీలు. కిలోల లెక్కన కూలి కట్టే చోట పక్కపక్కనే కూర్చున్నా ఎవరి తూకం వారిదే. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం సంఘం నమోదుకు తొలుత ఏడుగురి సంతకాలు చాలన్నది. అయితే ‘నా తూకం’ అనుకునే మనిషి ‘మన రేటు’ అని అడగడానికి ముందు జరిగే మాటలు, భయాలు, తర్జనభర్జనలు చట్టానికి అందవు. వాటిని పట్టుకున్న రచనకు వీరమరణ ఘట్టం లేకపోయినా, దానిని పోరాట సాహిత్యంగానే గుర్తించాలి. ఆ గుర్తింపు లేనంతకాలం జీడి కార్మికురాలి గొంతు సాహిత్య చరిత్రకు వెలుపలే ఉంటుంది.