పాత ముద్రణయంత్రము – ప్రాతఃకాలవార్తలు

మూలబడిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరును దులిపి, దానికొక చిన్న కంప్యూటరును తగిలించి, తెల్లవారుసరికి వాతావరణమును, ముఖ్యవార్తల శీర్షికలను కాగితముపై నచ్చొత్తించుకొని చదువు వాడుక యిటీవల పాశ్చాత్యదేశములలో కొందఱికి గలిగినది. నిద్ర లేచీ లేవకముందే సెల్‌ఫోనును చేతబట్టు దురభ్యాసమున కిది మందని వారి తలంపు. విన్నపిమ్మట నాకును వేడుక పుట్టెను. తణుకులో నొక బియ్యపుమిల్లు లెక్కలగది యటుకపైనున్న యంత్రమును దెచ్చి, పూర్వశిష్యుని సాయముతో నెలదినములు మా యింట నడపి చూచితిని.

ముందుగా గుణము చెప్పెదను. ఈ కాగితమునకు తుది కలదు. ఫోనులో వ్రేలు కదలినంతసేపును వార్తలు వచ్చుచునే యుండును. ఇచ్చట మూరెడు కాగితము వెలువడగానే యంత్రము కీచుమనుట మాని యూరకుండును. ఆ యూరకుండుట మా యింట నందఱికిని నచ్చినది.

నాలుగవనాడు మా తల్లిగారు కాగితమును కన్నులకు దగ్గఱగా బెట్టుకొని, "ఏమిరా నాయనా, అంతా ఇంగిలీషేనా? నేను చదువుకునే దేదీ?" అనిరి. నాకు జవాబు లేకపోయెను. ఆ యంత్రము తనలో నిమిడియున్న యింగ్లీషు అక్షరములను మాత్రమే వడిగా నచ్చువేయును. దాని తలలో నిలువుగా నున్నవి 9 సూదులు. ఇంగ్లీషు అక్షరమున కా యెత్తు చాలును. మన 'స్త్రీ' యన్ననో, పైన గుడిదీర్ఘము, నడుమ సకారము, క్రింద వత్తులు: మూడంతస్తుల మేడ. కావున తెలుగు పంక్తిని బొమ్మగా మార్చి, తలను పలుమాఱు అటునిటు త్రిప్పవలెను. యూనికోడు పట్టికలో తెలుగునకు 1991లోనే 128 గళ్ళు కేటాయింపబడెను గాని, గడి దొరకినంతమాత్రమున కాగితముపై రూపము దొరకదుగదా. శిష్యుడు రెండురాత్రులు కష్టపడి తెలుగు రప్పించెను. నత్తనడకయే, అయినను వచ్చెను.

తెలుగు దినపత్రికల కీ చిక్కు క్రొత్తది కాదు. టెలిప్రింటరుల కాలమున వార్తాసంస్థల వార్త లింగ్లీషులో దిగుచుండ, ఉపసంపాదకులు కాగితమును చించుకొని రాత్రికి రాత్రి తెనిగించెడివారు. ఏది ముఖ్యమో, ఏది మనవారి కక్కఱయో తేల్చినవారు వారే. మా యింటి యంత్రము వెనుక నట్టివా డెవడును లేడు, నేనే యుంటిని. రాజకీయకలహములు వలదంటిని, సినిమాలు వలదంటిని, క్రికెట్టు కావలెనంటిని! వేసవిలో గోదావరికాలువలు కట్టివేయు తేదీ పొరుగింటి పత్రిక జిల్లాపుటలో వచ్చినది. మా కాగితమున రాలేదు. తొట్లు నింపుకొనుమని పొరుగింటి యిల్లాలే నా భార్యకు చెప్పవలసివచ్చెను. 1989లో ఈనాడు జిల్లా అనుబంధముల నారంభించినప్పుడు వానిని చిల్లరవార్తలని తేలికజేసినవారిలో మా యుపాధ్యాయులును గలరు. ఆ చిల్లర విలువ నాకిప్పుడు తెలిసినది.

ఇంకొక దోషము దీనికన్న బరువైనది. 1874లో వీరేశలింగముగారు వివేకవర్ధనిని స్థాపించి, లంచగొండులగు నుద్యోగుల నడతను బయటబెట్టిరి. వితంతువివాహమును సమర్థించిరి. చదువరుల యభిరుచి ముందుగా నడిగి, వారు కోరినవే ముద్రించియుండినచో, ఆ సంగతులలో నెన్ని రాజమహేంద్రవరపు టిండ్లలోనికి బోయియుండును? నేను నా యిష్టమున కేర్చుకొన్న నెలనాళ్ళ కాగితములను వరుసగా పేర్చి చూచితిని. నన్ను నొప్పించినది వానిలో నొక్కటియు లేదు.

దినపత్రికను మరల వేయించుకొనుచున్నాము. యంత్రము ఆదివారములందు మాత్రము నడచుచున్నది. మా తల్లిగారికొఱకు పెద్ద యక్షరములలో, తెలుగున. శీర్షికల నేర్చు పని మా యమ్మాయిది. క్రికెట్టును తీసివేసినది.